గద్ద కింద ఒక అక్షరం

మన ఇళ్లలో బంగారం గురించి రెండే ప్రశ్నలు: ఎన్ని కాసులు, ఎంత వన్నె? అమెరికా పాత బంగారు నాణేలు సేకరించేవాళ్లకు మూడో ప్రశ్న ఉంది: ఏ టంకశాలది?

హాఫ్ ఈగిల్ అనే ఐదు డాలర్ల నాణేన్ని చూడండి. బరువు 8.36 గ్రాములు, ఇంచుమించు మన కాసే. నూటికి 90 పాళ్లు బంగారం. 1840ల నాటివి, ఒకే ఏడాదివి రెండు పక్కపక్కన పెడితే కంసాలి రెండింటికీ ఒకే ధర కడతాడు. వెనక్కి తిప్పితే అసలు తేడా తెలుస్తుంది. గద్ద బొమ్మ కింద ఒకదానికి ఏమీ లేదు, అది ఫిలడెల్ఫియాది. రెండోదానికి నువ్వుగింజంత ‘డి’ అక్షరం. సేకరించేవాళ్లు పోటీ పడేది దీనికోసం.

డి అంటే డాలొనెగా, జార్జియా కొండల్లో ఒక చిన్న ఊరు. చెరొకీ భాషలో పసుపు రంగుకున్న మాటే ఊరి పేరైంది. 1820ల చివర అక్కడ బంగారం బయటపడగానే జనం వేలల్లో ఎగబడ్డారు. దొరికిన బంగారాన్ని ఫిలడెల్ఫియా దాకా మోసుకెళ్లడం ఖర్చు, దారంతా భయం. అందుకే 1835లో చట్టం చేసి డాలొనెగాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో, న్యూ ఆర్లియన్స్‌లో టంకశాలలు పెట్టారు. మూడూ 1838లో నాణేలు కొట్టడం మొదలుపెట్టాయి. అదే ఏడాది ఆ నేల సొంతదారులైన చెరొకీలను సైన్యం పడమటికి తరిమింది. వేలమంది ప్రాణాలు పోయాయి. డి అక్షరాన్ని మురిపెంగా చూసుకునేవాళ్లు ఈ సంగతీ గుర్తుపెట్టుకోవాలని నా పట్టు.

1861లో అంతర్యుద్ధం రావడంతో డాలొనెగా, షార్లెట్ శాశ్వతంగా మూతపడ్డాయి. డాలొనెగా టంకశాల భవనం 1878లో కాలిపోయింది. ఆ పునాదుల మీదే లేచిన కాలేజీ భవనం శిఖరానికి ఇప్పుడు అక్కడి బంగారపు రేకే తాపడం. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెట్టాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లకు అది గంట ప్రయాణం.

తరవాతి టంకశాలల కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కాలిఫోర్నియా బంగారం కోసం 1854లో శాన్ ఫ్రాన్సిస్కో ‘ఎస్’ వచ్చింది. నెవాడా వెండి గనుల దగ్గర 1870లో కార్సన్ సిటీ ‘సీసీ’ వచ్చింది. ఆ మొదటి ఏడాది అక్కడ కొట్టిన ఇరవై డాలర్ల నాణేలు 3,789 మాత్రమే. 1906లో డెన్వర్ మొదలై మళ్లీ డి అక్షరమే పెట్టుకుంది. ఏది ఏ ఊరి డి అన్నది నాణెం మీది ఏడాదే చెప్పాలి.

ఈ అక్షరాలకు విలువ మొదటినుంచీ లేదు. చాలామంది ఏడాదికొక నాణెం దొరికితే చాలనుకునేవారు. 1893లో ఆగస్టస్ హీటన్ అనే చిత్రకారుడు టంకశాల గుర్తుల మీద చిన్న పుస్తకం వేశాక చూపు మారింది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం జనం దగ్గరి బంగారం అప్పగించమన్నప్పుడు, సేకరణ విలువ ఉన్న అరుదైన నాణేలకు మినహాయింపు ఇచ్చింది. మిగతావి కుప్పలుగా కరిగి కడ్డీలయ్యాయి. ఆ ఏడాదే కొట్టి, చలామణీలోకి వదలని ఇరవై డాలర్ల నాణెం ఒకటి 2021 వేలంలో 1.89 కోట్ల డాలర్లు పలికింది. పత్రికలకెక్కేది అలాంటిదే. నాకు మాత్రం అరిగిన డాలొనెగా నాణెమే ముచ్చట.

అరిగిందో లేదో తేల్చడమే అసలు విద్య. డాలొనెగాకు అచ్చులు ఫిలడెల్ఫియానుంచే వచ్చేవి, కొట్టే పని మాత్రం అక్కడ అంత తీరుగా సాగేది కాదు. గద్ద మెడ మీద ఈకలు కనిపించవు. చేతులు మారి అరిగిపోయాయా, అసలు పడనే లేదా? దీపం కింద నాణేన్ని మెల్లగా వాల్చి చూస్తారు. నున్నటి ఆ చోట కూడా పుట్టుకతో వచ్చిన మెరుపు కదిలితే, అచ్చు సరిగా పడలేదని అర్థం. మసకబారి చప్పగా ఉంటే అరిగిందని. ఈ తేడాతో ధర ఎంతో మారుతుంది. నగలకు అలవాటైన చేత్తో దీన్నీ కుంకుడు రసంలో వేసి తోమారా, ఆ మెరుపు ఇక రాదు. కొక్కెం అతికించి మెళ్లో వేసుకున్న నాణేలకూ అదే గతి.

దొంగపనీ ఆ అక్షరం చుట్టూనే జరుగుతుంది. ఫిలడెల్ఫియా నాణెం తీసుకుని గద్ద కింద డి అతికిస్తారు. బరువు సరిపోతుంది, గీటురాయి మీదా నెగ్గుతుంది. భూతద్దం పెట్టి అక్షరం నాణేన్ని తాకే చోటు చూడాలి. అచ్చుతో పడిన అక్షరం నేలలోంచి మొలిచినట్టు ఉంటుంది. అతికించినదాని చుట్టూ సన్నటి గీత, ఒక్కోసారి రంగు తేడా. ఆ గీత కనిపించిందంటే ఇక దాన్ని తూకానికే కొంటారు.