సమరనిహతులు – స్మృతియందు అశ్వముల స్థానము

యుద్ధమున మడిసినవారిని స్మరించుట జాతులన్నిటికిని ధర్మమే. కాని సైన్యమనగా మనుష్యులు మాత్రమే కాదు. చతురంగములలో తురగమును ఒకటి. కూలిన భటునకును, వానితో కూలిన గుఱ్ఱమునకును ఒకే మాటతో గౌరవము చెల్లింపవచ్చునా, లేక వేర్వేఱు మాటలు కావలెనా యనునది ఇచట మేము విచారింపదలచిన విషయము. ఇందులకు భారతమును, ఆధునికకాలపు రెండు స్మారకశిల్పములను ఆధారముగా గైకొనుచున్నాము.

ఆదిపర్వమున అక్షౌహిణి పరిమాణము చెప్పబడినది. రథములు 21,870, ఏనుగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాల్బలము 1,09,350. పదునెనిమిది అక్షౌహిణులకు, రథములకు పూన్చినవానిని విడిచినను, 11,80,980 గుఱ్ఱములగును. యుద్ధమునకు దింపునపుడు ఒక్క గుఱ్ఱమును లెక్క తప్పలేదు. యుద్ధానంతరమున ఈ లెక్క యేమైనది?

వ్యాసుని స్త్రీపర్వమున ధృతరాష్ట్రుడు అడుగగా ధర్మరాజు మడిసినవారి సంఖ్యను చెప్పి, పిదప వారి గతులను వివరించును. సంతోషముతో దేహమును విడిచినవారు ఇంద్రలోకమునకును, చావక తప్పదుగదా యని అనిష్టముగా పోరి పడినవారు గంధర్వలోకమునకును, ప్రాణభీతితో వెనుదిరిగి హతులైనవారు గుహ్యకలోకమునకును పోయిరట. ఈ విభజనకు మూలము మరణించువాని మనోభావము. గుఱ్ఱము ఇందెచటను చేరదు. అది యుద్ధమును కోరలేదు. భయపడినను మరలిపోవుటకు దానికి స్వాతంత్ర్యము లేదు. కళ్లెము పరుల చేతిలోనిది. ధర్మరాజు చెప్పిన గతులలో దానికి లోకము లేకపోవుట కేవలము మఱపు కాదు. ఇచ్ఛను బట్టి పుణ్యమును కొలుచు ఏ పద్ధతియందైనను దానికి తావుండదు.

భారతకవి అశ్వముల నుపేక్షించెననుట న్యాయము కాదని కొందఱు ద్రోణపర్వమును చూపవచ్చును. అది సమంజసమైన ఆక్షేపమే. సైంధవవధకై సాగుచున్న వేళ గుఱ్ఱములు శరపీడితములై డస్సినవి. అర్జునుడు రథము దిగి, కాలినడకనే శత్రువుల నిలువరించుచు, అస్త్రముతో భూమిని భేదించి సరస్సును కల్పించెను. బాణములతో గృహమును నిర్మించెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేనుల నాటిన బాణములను పెఱికి, చేతులతో నిమిరి, నీరు త్రాగించెను. ప్రొద్దు గ్రుంకులోపల ప్రతిజ్ఞ నెఱవేర్పవలసినవానికి ప్రతిక్షణమును అమూల్యము. డస్సిన గుఱ్ఱములతో ముందునకు పోజాలమను యుద్ధావసరము ఇందు లేకపోలేదు. అయినను ఆ సేవలోని ఆర్ద్రత అవసరమును మించినది. కావున మా నిర్ణయమిది: భారతము అశ్వమును బ్రదికియున్నపుడు గౌరవించినది, చచ్చిన పిదప దానిని లెక్కింపలేదు.

నీరొసగు ఈ సన్నివేశమే దక్షిణాఫ్రికాయందలి పోర్ట్ ఎలిజబెత్ నగరమున (2021 నుండి గెబెర్హా) 1905లో నిలిపిన స్మారకమున కనబడును. 1899–1902 నాటి ఆంగ్ల–బోయరు యుద్ధమున మడిసిన గుఱ్ఱములకై నిర్మించిన ఆ శిల్పమున భటుడు మోకరిల్లి గుఱ్ఱమునకు బొక్కెనతో నీరిచ్చుచుండును. శిల్పము శ్లాఘ్యము. కాని శాసనము ఆ జంతువులకు శౌర్యమును ఆరోపించినది. ఆ యుద్ధమున బ్రిటిషు పక్షమున మడిసిన గుఱ్ఱములు 3 లక్షలకు పైబడినవి. వానిలో పెక్కింటిని చంపినది శత్రువుల తుపాకి కాదు. ఆకలి, అలసట, వ్యాధి. ఇట్టి మరణమును శౌర్యమనుట యజమానుల అశ్రద్ధను అలంకారముతో కప్పుట యగును.

రెండవది ఢిల్లీలో 1922లో నిర్మింపబడిన తీన్ మూర్తి స్మారకము. మొదటి ప్రపంచయుద్ధమున పోరిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు లాన్సర్లకు ఇది గుర్తు. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టిన దాడి మైసూరు, జోధ్‌పూరు దళములది. ఆనాడు మడిసిన మనుష్యులు 8 మంది, గాయపడినవారు 34. చచ్చిన గుఱ్ఱములు 60, గాయపడినవి 83. లెనార్డ్ జెన్నింగ్స్ మలచిన మూడు కాంస్యమూర్తులును నేలపై నిలిచిన భటులే. ఆశ్వికుల స్మారకమున అశ్వము లేదు. మొదటి స్మారకము గుఱ్ఱమునకు తనది కాని గుణమును అంటగట్టినది. రెండవది దానిని పూర్తిగా విడిచినది.

భటునకు తగిన మాట త్యాగము. ఏలయన ఇష్టముగనో అనిష్టముగనో తన మరణమును ఎఱిగి పోయినవాడు వాడు. అతని పేరు శిలపై నుండవలెను. గుఱ్ఱము త్యాగము చేయలేదు, అది వినియోగింపబడినది. దానికి మనము ఋణపడినది స్తుతి కాదు, సత్యము: ఎన్నింటిని కొనిపోయితిమి, ఎన్ని మరలి వచ్చినవి, మిగిలినవి దేనివలన చచ్చినవి యను లెక్క. దీనివలన వీరుల గౌరవము తగ్గునని మేము తలంపము. హైఫాయందు 8 మంది మృతికి ప్రక్కన 60 గుఱ్ఱముల మృతిని వ్రాసినచో ఆ దాడి యెట్టిదో, ఆ భటులు ఎంతటి కాల్పులకు ఎదురేగిరో చదువరికి స్పష్టమగును. వీరగాథలను, స్మారకశాసనములను పరిశోధించువారు ఇకపై నాయకుని పేరుతోపాటు ఈ లెక్కను కూడ వెదకుట యుక్తము.