గడియారము దిద్దగా తప్పిన పని

మన దేశమున వేసవికి గడియారమును ముందుకు జరుపు ఆచారము లేదు. కావున లినక్సులో వేళకు పనులు నడపు క్రాన్‌కు చిక్కు లేదనుట సగము నిజము.

నల్లగొండలోనో, మహబూబునగరులోనో ఒక పాఠశాల కంప్యూటరులోని చిన్న బ్యాటరీ అయిపోయినదనుకొనుడు. రాత్రి 1-30కు కరెంటు రాగా, గడియారము ఏదో పాత తేదీన ఉదయము 5-30తో మొదలిడును. 3 గంటలకు ఇంటర్నెట్టు అందగానే ఒక్క గంతున సరియగును. 2 గంటలకు తీయవలసిన మార్కుల నకలు తప్పును. ఆ గడియారమునకు 2 గంటలు రానేలేదు.

డెబియన్ క్రాన్ 3 గంటలలోపు మార్పును నేర్పుతో సర్దుకొనును: దాటిపోయిన పనిని వెంటనే చేయును, చేసినదానిని మరల చేయదు. అంతకు మించినచో కొత్త వేళనే గైకొనును. ఏ పని కడపట ఎన్నడు జరిగెనో వ్రాసియుంచకపోవుటయే దాని లోపము. అనాక్రాన్ ఆ తేదీని వ్రాసియుంచి, తప్పిన పనిని పిదప చేయించును.