ఇనుప జువ్వ

ఆయుధాల నిర్మాణం మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లు తెలుగునాట చాలామందే ఉన్నారు. ఫలానా ట్యాంకు కవచం మందమెంత, ఫలానా ఫిరంగి గొట్టం పొడవెంత అంటే నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాళ్లు వెళ్లే చోట్లు కూడా వేరు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనలో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి, ఆ దగ్గర్లోనే టీయూ-142 విమానం తప్పక చూస్తారు. వీలుంటే మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) దాకా పోయి అశ్వికదళ ట్యాంకు మ్యూజియం కూడా చూసొస్తారు. సంగారెడ్డి వైపు ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్ పోరాట వాహనం గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు.

ఆ చోట్ల జాబితాలో నెల్లూరు తీరం కనిపించదు. కనిపించాలి. దక్షిణాదిలో పుట్టిన ఆయుధాలన్నిటిలోకీ వింతైనది ఇనుప గొట్టం జువ్వ. అది ఎలా పనిచేసిందో అర్థం చేసుకోవడానికి ఈ తీరాన్ని మించిన చోటు మన దేశంలో లేదు.

తుపాకిమందు ఈ తీరానికి కొత్తది కాదు. పులికాట్ సరస్సు దక్షిణపు కొసన డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అక్కడ తుపాకిమందు తయారుచేయించి తూర్పు దీవుల్లోని తమ స్థావరాలకు పంపేవారు. సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో 1620ల్లో ఇంగ్లిషు కంపెనీ ఒక స్థావరం పెట్టింది. 1628 నాటికి దాని చుట్టూ 12 ఫిరంగులు ఉన్నాయి. మద్రాసు కోట పుట్టకముందు కోరమండల్ తీరంలో ఆ కంపెనీ ఆయుధబలం అదే. 1640లో వాళ్లు మద్రాసుకు తరలిపోయాక దుగరాజపట్నం వెనకబడిపోయింది. సురేకారం, గంధకం, బొగ్గు అనే మూడు దినుసుల వ్యాపారం మాత్రం ఈ తీరం వెంట ఆగలేదు.

ఆ మూడు దినుసుల్నీ పద్దెనిమిదో శతాబ్దంలో మైసూరు పనివాళ్లు మరో దారి పట్టించారు. ఫిరంగిలో మందు పేలి గుండును తోస్తుంది. ఆ పేలుడుకు తట్టుకోవాలంటే గొట్టం ఎంతో బరువుండాలి. జువ్వలో మందు మెల్లగా కాలుతూ తన గొట్టాన్ని తానే మోసుకుపోతుంది. బరువైన ఫిరంగి అక్కర్లేదు, లాగే ఎద్దులు అక్కర్లేదు, చక్రాలు దిగబడే రోడ్లతో పనిలేదు. మనిషి చంకన పెట్టుకుని పరిగెత్తగల ఫిరంగి అది.

జువ్వలు అంతకుముందు లేవా అంటే ఉన్నాయి. చైనాలో, ఐరోపాలో, మన విజయనగర ఉత్సవాల్లో కూడా వెలిగాయి. కాకపోతే వాటి గొట్టం కాగితంతోనో వెదురుతోనో చేసినది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. గొట్టం లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ మందు ఇంకా వేగంగా కాలుతుంది, వేగంగా కాలేకొద్దీ తోపు పెరుగుతుంది. కాగితం ఆ ఒత్తిడికి చిరిగిపోతుంది కాబట్టి బాణాసంచా చేసేవాడు మందును పలచన చేసుకోవాల్సిందే. మైసూరు కమ్మరి మెత్తటి ఇనుమును సాగగొట్టి, గొట్టంగా చుట్టి, ఒక కొస మూసి, రెండో కొసన సన్నటి రంధ్రం వదిలాడు. దాంతో అదే మందు రెట్టింపు పని చేసింది. మేలైన జువ్వలు రెండు కిలోమీటర్ల దాకా పోయేవి.

అలాంటివి రెండు ఇంగ్లండులోని ఊలిచ్ ఆయుధశాలకు చేరాయి. ఒకదాని గొట్టం వ్యాసం 58 మిల్లీమీటర్లు, పొడవు 254. తోలు పట్టీలతో మీటరు పైచిలుకు పొడవున్న కత్తి అలుగుకు కట్టి ఉంది. రెండోది ఇంకా సన్నం: 37 మిల్లీమీటర్ల వ్యాసం, 198 పొడవు. దాన్ని 1.9 మీటర్ల వెదురుకు కట్టారు. వెదురు ఎందుకో దీపావళికి తారాజువ్వ కాల్చిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. తోక లేకపోతే జువ్వ గిరగిరా తిరిగి ఎటో పోతుంది. తోక ఉంటే గాలి దాన్ని పట్టి నిలిపి, ముక్కును ముందుకే ఉంచుతుంది. వెదురు బదులు కత్తి కట్టడం మాత్రం మైసూరువాళ్ల ఆలోచన. మందు అయిపోయాక జువ్వ తలకిందులై దొర్లుతూ నేల మీద పడుతుంది, ఆ దొర్లేటప్పుడు అలుగు కోసుకుపోతుంది. గురి కుదరకపోవడం ఈ ఆయుధానికున్న పెద్ద లోపం. పనివాళ్లు ఆ లోపాన్నే దెబ్బగా మార్చారు.

గురి కుదరకపోతే ఏం లాభమన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక్క జువ్వతో నిజంగానే లాభం లేదు. అందుకే గుంపులుగా వదిలేవారు. చక్రాల బండి మీద చట్రం పెట్టి ఐదు నుంచి పది జువ్వలు ఒకేసారి అంటించేవారు. గొట్టం వ్యాసాన్నీ శత్రువు దూరాన్నీ బట్టి ఎంత వాలులో వదలాలో లెక్కగట్టడం నేర్పేవారు. మైసూరు ఏలిన హైదర్ అలీ దగ్గర 1200 మంది జువ్వల సైనికులుంటే, కొడుకు టిప్పు నాటికి ఆ సంఖ్య 5000కు చేరింది. ఫతహుల్ ముజాహిదీన్ అనే సైనిక నియమావళి ప్రకారం ఒక్కో కుషూన్ దళానికి 200 మంది. జువ్వలు తయారయ్యే పేటలకు తారామండలపేట అని పేరు. శ్రీరంగపట్నం, బెంగళూరు, చిత్రదుర్గం, బిదనూరుల్లో అలాంటి పేటలు వెలిశాయి.

ఈ కథలో తెలుగు నేల పొరుగూరి ప్రేక్షకుడిలా నిలబడలేదు. ఇంగ్లిషు కంపెనీతో జరిగిన 1792 సంధి దాకా కడప సీమ, గుర్రంకొండ మైసూరు ఏలుబడిలోనే ఉన్నాయి. హైదర్ కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో, 1782 డిసెంబరు 7న. జువ్వలకు దేశదేశాల్లో పేరు తెచ్చిన యుద్ధం గుంటూరు నుంచి బయల్దేరిన దండుతోనే ముడిపడి ఉంది. ఇంగ్లిషు కంపెనీ సేనాని కల్నల్ బెయిలీ గుంటూరు సీమ నుంచి దక్షిణానికి నడిచి, కంచిలో ఉన్న మన్రో సేనతో కలవాలి. కుశస్థలి నది వరదలో ఉండి దారిలో రోజుల తరబడి ఆగిపోయాడు. ఆ జాప్యమే హైదర్‌కు కలిసొచ్చింది. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర బెయిలీ దండును మైసూరు సేన చుట్టుముట్టింది. జువ్వలు, ఫిరంగి గుండ్లు కలిసి కురుస్తుండగా కంపెనీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. వాటిని జువ్వే అంటించిందని కొందరు, ఫిరంగి గుండు తగిలిందని కొందరు చరిత్రకారులు రాశారు. ఏది నిజమైనా బెయిలీ లొంగిపోయాడు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ బాగ్ గోడ మీది చిత్రంలో ఆ బండి పేలుడును ఇప్పటికీ చూడవచ్చు.

టిప్పుతో ఇంగ్లిషువాళ్ల చివరి యుద్ధంలో, 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్నం ముందరి సుల్తాన్‌పేట తోపులో వాళ్ల సేనాని ఆర్థర్ వెల్లెస్లీ జరిపిన దాడి చీకట్లో, జువ్వలూ తుపాకులూ కురిపించిన నిప్పులో చెదిరిపోయింది. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఆయనే. మే 2న కోటలోని జువ్వల కొట్టం మీద గుండు పడి పెద్ద పేలుడు జరిగింది. మే 4న కోట కూలింది. గెలిచినవాళ్లకు దొరికినవాటిలో 600 జువ్వల చట్రాలు, వాడకానికి సిద్ధంగా ఉన్న 700 జువ్వలు, 9000 ఖాళీ గొట్టాలు ఉన్నాయని లెక్క.

ఆ తర్వాత జరిగినదే ఈ విషయంలో ముఖ్యమైన పాఠం. ఇంగ్లండుకు చెందిన విలియం కాంగ్రీవ్ లండన్‌లో దొరికే పెద్ద జువ్వలు కొని పరీక్షిస్తే అవి 500-600 గజాలు దాటలేదు. మైసూరు గొట్టాన్ని ముందు పెట్టుకుని ఊలిచ్‌లో పని మొదలెట్టాడు. 1806లో బొలోన్ రేవు మీద, 1807లో కోపెన్‌హేగన్ మీద ఆయన జువ్వలు పడ్డాయి. తోకను పక్క నుంచి మధ్యకు మార్చాడు. ఊలిచ్ సైనిక పాఠశాలలో లెక్కలు చెప్పే విలియం మూర్ 1813లో జువ్వల గమనం మీద గణిత గ్రంథమే అచ్చువేశాడు. 1844లో విలియం హేల్ తోకే లేకుండా, తన చుట్టూ తాను తిరుగుతూ నిలకడగా పోయే జువ్వ చేశాడు. మైసూరు కమ్మరికి ఇనుము తెలుసు, మందు తెలుసు, చేతికి కొలత తెలుసు. అదంతా తండ్రి నుంచి కొడుక్కి నోటితోనే వెళ్లింది. ఇంగ్లండులో అది బొమ్మగీతకు, పట్టికకు, సమీకరణానికి ఎక్కింది.

ఈ సంగతిని పరిశోధించి రాసినవాడు రొద్దం నరసింహ. ఆయన వంశం అనంతపురం సీమలోని రొద్దం గ్రామానిది. ఊరి పేరే ఇంటిపేరు. బెంగళూరులోని జాతీయ విమానయాన ప్రయోగశాలకు డైరెక్టరుగా ఉంటూ, 1985లో మైసూరు, బ్రిటన్ జువ్వల మీద పరిశోధన పత్రం వెలువరించాడు. ద్రవాల గతి శాస్త్రంలో ప్రపంచమెరిగిన పండితుడు రెండు వందల ఏళ్ల నాటి గొట్టాన్ని ఇంజనీరు కళ్లతో చూశాడు. ఆయుధాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు నేర్చుకోవాల్సిన చూపు అదే. కత్తి కట్టిన జువ్వ చూసి వింత అనుకుని దాటిపోతే ఏమీ తెలియదు. ఈ లోహమే ఎందుకు, ఈ రంధ్రం ఇంతే ఎందుకు, ఈ తోక ఇంత పొడవెందుకు అని అడిగితే ఆ పనివాడు పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంటుంది.

ఆ ప్రశ్నలకు ఇవాళ్టి జవాబులు శ్రీహరికోటలో ఉన్నాయి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఈ దీవి, 2022లో తిరుపతి జిల్లాకు మారేదాకా నెల్లూరు జిల్లాదే. ఒకప్పుడు యానాదుల ఇల్లు. తూర్పున సముద్రం తప్ప ఊళ్లు లేకపోవడం, భూమి తిరిగే వేగం రాకెట్టుకు కలిసిరావడం చూసి 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఘన ఇంధన మోటారే 1989 మే 22న పరీక్షించిన అగ్ని క్షిపణికి కింది అంతస్తయింది. యుద్ధం నుంచి విజ్ఞానానికీ, విజ్ఞానం నుంచి మళ్లీ ఆయుధానికీ దారి అంత దగ్గర.

ఇస్రో వారి పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశనే తీసుకోండి. గొట్టం వ్యాసం 2.8 మీటర్లు, లోపల దాదాపు 139 టన్నుల మందు. సురేకారం చేసే పని అక్కడ అమ్మోనియం పెర్‌క్లోరేట్ చేస్తుంది, బొగ్గు బదులు అల్యూమినియం పొడి, రెంటినీ పట్టి ఉంచడానికి రబ్బరు లాంటి హెచ్‌టీపీబీ. మందు మధ్యలో నిలువునా బోలు వదులుతారు. నిప్పు ఆ బోలు గోడల నుంచి బయటికి తింటూ పోతుంది, గోడ వైశాల్యాన్ని బట్టి తోపు ఉంటుంది. మందులో వెంట్రుకంత పగులున్నా మండే వైశాల్యం ఒక్కసారిగా పెరిగి గొట్టమే పగిలిపోవచ్చు. అందుకే దీవిలోని ఇంధన కర్మాగారంలో పోతపోసిన ప్రతి ముక్కకూ ఎక్స్‌రే తీస్తారు. మైసూరు పనివాడు మందును సమంగా దట్టించడానికి పడ్డ జాగ్రత్త కూడా ఈ భయంతోనే. తోక బదులు ఇక్కడ చక్కటి ఉపాయం ఒకటుంది. మంట బయటికొచ్చే నాజిల్ పక్క గోడ నుంచి స్ట్రాన్షియం పెర్‌క్లోరేట్ ద్రావణాన్ని మంటలోకి చిమ్ముతారు. ఆ చిమ్ముడుకు మంట ఒక పక్కకు వంగుతుంది, రాకెట్ దిశ మారుతుంది. ఎల్‌వీఎం-3 రాకెట్ పక్కన ఉండే ఎస్‌200 మోటార్లలో ఒక్కోదానిలో 200 టన్నులకు పైగా మందు ఉంటుంది. అక్కడైతే నాజిల్‌నే అటూ ఇటూ వంచుతారు.

ప్రయోగం రోజున ఆ తీరం వెంట మత్స్యకారులు పడవలు దింపరు, ముందే సమాచారం అందుతుంది. సూళ్లూరుపేట వైపు జనం మేడల మీదికి ఎక్కుతారు. 2019లో తెరిచిన వీక్షణ గ్యాలరీలో ఐదు వేల మంది కూర్చోవచ్చు. ఇస్రో వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా వెళ్లవచ్చు. వెళ్లేవాళ్లు పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్ రకం లేచే రోజు చూసుకుని వెళ్లాలి. దానికి ఆరు పక్క మోటార్లుంటాయి. నాలుగింటిని నేల మీదే అంటిస్తారు, మిగతా రెండు లేచిన 25 సెకన్లకు ఆకాశంలో అంటుకుంటాయి. కళ్లు తిప్పకుండా చూస్తే ఆ రెండోసారి వెలుగు తెలియవచ్చు.

దానికి ముందో వెనకో శివమొగ్గ ప్రభుత్వ మ్యూజియానికి కూడా ఒకసారి పోయి రావాలి. జువ్వల పేట వెలిసిన బిదనూరే తర్వాత నగర అయింది. 2018లో ఆ ఊళ్లో ఒక పాడుబావిలో వెయ్యికి పైగా మైసూరు జువ్వల గొట్టాలు బయటపడి ఆ మ్యూజియానికి చేరాయి. తుప్పు పట్టినా మందు కూరిన గొట్టాలు గొట్టాల్లాగే ఉన్నాయి. ఈ రెండు చోట్లనూ కలిపి చూపించే పని మన బడులు, ఇంజనీరింగ్ కాలేజీలు చేపట్టాలి. పిల్లల్ని బస్సెక్కించి శివమొగ్గ తీసుకెళ్లి, ఆ గొట్టం కొసన ఉన్న రంధ్రం వ్యాసం కొలవమనండి. తర్వాత శ్రీహరికోట తీసుకెళ్లి, అదే రంధ్రం ఇప్పుడు ఎంత పెద్దదైందో కొలతలతో రాసి తెమ్మనండి.