రోజుకో మిల్లీమీటరు

మోకాలి కింద, ముందువైపు చెయ్యి పెట్టి చూడండి. చర్మాన్ని ఆనుకునే ఎముక తగులుతుంది, మధ్యలో కండ ఉండదు. అందుకే రోడ్డు ప్రమాదాల్లో ఇక్కడ విరిగిన ఎముక తరచుగా చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. మట్టి చేరి చీము పడితే, రక్తం అందక చచ్చిన ముక్కను తీసెయ్యక తప్పదు. అలా ఐదారు సెంటీమీటర్ల ఎముక పోయిన కాలిని ఒకప్పుడు చాలాచోట్ల తీసేసేవారు.

ఆ లోటును పూడ్చే ఎముకను రోగి ఒంట్లోనే పుట్టించవచ్చని చూపినవాడు గావ్రియిల్ ఇలిజారోవ్. 1944లో వైద్యవిద్య ముగించి, సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో ఓ పల్లెకు డాక్టరుగా వెళ్లాడు. 1950ల తొలినాళ్లలో ఆయన రూపొందించిన పరికరాన్ని అమర్చడాన్నే మనవాళ్లు ‘కాలికి రింగులు వేశారు’ అంటారు. కాలి చుట్టూ లోహపు రింగులు, వాటిని కలిపే మరల కడ్డీలు, నట్లు. ఒక్కో రింగు నుంచి ఎముక గుండా దూసుకుపోయే తీగల మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయినా సైకిలు చక్రపు చువ్వల్లా బిగువు మీద ఉంటాయి కాబట్టి మనిషి బరువును ఆపుతాయి. రోగి మంచం పట్టనక్కర్లేదు. కాలు మోపి నడవడం కూడా వైద్యంలో భాగమే.

అసలు నేర్పు ఎముకను కొయ్యడంలో ఉంది. గాయానికి దూరంగా, ఆరోగ్యంగా ఉన్నచోట, లోపలి రక్తప్రసారమూ ఎముకను కప్పిన పలుచని పొరా వీలైనంత చెడకుండా కోస్తారు. వారం రోజులు కదపరు. ఆ తర్వాత నట్టు తిప్పుతూ, కోసిన ముక్కను ఖాళీ వైపు రోజుకు ఒక మిల్లీమీటరు జరుపుతారు, అదీ పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు విడతలుగా. ముక్క ముందుకు జరుగుతుంటే వెనక కొత్త ఎముక అల్లుకుంటుంది. తొందరపడితే ఎముక పుట్టదు. మరీ నెమ్మదిస్తే కోసినచోటు ముందే అతుక్కుపోతుంది. ఈ లెక్క కుర్గాన్‌లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. నిదానంగా లాగితే చర్మం, నరాలు, రక్తనాళాలు కూడా ఎముకతోపాటు సాగుతాయి. ఇంతటి ఓర్పుతో ఒంటిని నమ్మిన శస్త్రచికిత్స నాకు మరొకటి కనిపించదు.

టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన వలేరీ బ్రూమెల్ కాలు 1965లో మోటారుసైకిలు ప్రమాదంలో నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్లు విఫలమయ్యాక ఇలిజారోవ్ దగ్గరికి వెళ్లాడు. మళ్లీ రెండు మీటర్లకు పైగా దూకాడు. పశ్చిమ ఐరోపాకు ఈ పద్ధతి చేరింది మాత్రం 1980ల్లోనే, కుర్గాన్‌లో నయమైన ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి వల్ల.

అన్ని కాళ్లకూ ఇది తగదు. నరాలూ రక్తనాళాలూ బాగుచెయ్యలేనంత దెబ్బతింటే, కాలు తీసి మంచి కృత్రిమ కాలు అమర్చడమే మేలు కావచ్చు. చర్మం పోయినచోట ముందుగా ప్లాస్టిక్ సర్జన్ పిక్క కండను తిప్పి కప్పాల్సి రావచ్చు. ఆరు సెంటీమీటర్లు జరపడానికి రెండు నెలలైతే, ఆ లేత ఎముక గట్టిపడటానికి అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా నొప్పి, తీగల చుట్టూ చీము, బిగుసుకుపోయే చీలమండ. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. చాలాసార్లు నట్టు తిప్పేది ఇంట్లో భార్యో, కొడుకో. వాళ్లను కూర్చోబెట్టి ఎటు తిప్పాలో, తీగల మొదళ్లు ఎలా తుడవాలో, తిప్పిన ప్రతిసారీ ఎలా రాసి పెట్టుకోవాలో దగ్గరుండి చేయించాకే ఇంటికి పంపాలి.