కుడివైపు నది

నర్మదా పరిక్రమకు నియమాలు చాలానే చెబుతారు గానీ, నడిచేవాడికి ప్రతి అడుగులోనూ గుర్తుండేది ఒక్కటే: నది ఎప్పుడూ కుడిచేతివైపే ఉండాలి, మధ్యలో దాటకూడదు. ఉపనదుల్ని దాటొచ్చు, నర్మదను మాత్రం కాదు. ఓంకారేశ్వర్‌లో సంకల్పం చెప్పుకుని దక్షిణపు ఒడ్డున పడమటికి బయలుదేరినవాళ్లు, గుజరాత్‌లో సముద్రం దగ్గర పడవెక్కి అవతలికి చేరి, ఉత్తరపు ఒడ్డు పట్టుకుని అమర్‌కంటక్ దాకా వెళ్లి, నది పుట్టినచోటు చుట్టి మళ్లీ దిగి రావాలి. నది పొడవే 1,312 కిలోమీటర్లు. పాతపద్ధతిలో చాతుర్మాస్యాలకు ఆగుతూ చేస్తే 3 ఏళ్ల 3 నెలల 13 రోజులు.

నేను నడిచింది అందులో చిన్న ముక్క. భక్తి కన్నా నడక పిచ్చే తీసుకెళ్లిందని ఒప్పుకుంటే పోయేదేముంది!

నడుస్తుంటే తెలిసిందేమిటంటే, అవతలి ఒడ్డు ఎప్పుడూ బాగుంటుంది. ఇటు కాలే రాళ్లు, అటు చెట్ల నీడ. ఇటు ముళ్లపొదలు, అటు మెట్లున్న రేవు, టీకొట్టు పొగ. టోల్‌గేటు దగ్గర పక్క లైను కదిలితే చాలు, స్టీరింగ్ తిప్పేసే మనిషిని నేను. ఇక్కడ తిప్పడానికి లేదు. ఓంకారేశ్వరుడే నది మధ్య ద్వీపం మీద ఉన్నాడు. మనవాళ్లు జ్యోతిర్లింగ యాత్రల్లో ఒక పూటలో వంతెన దాటి చూసొచ్చే గుడి. సంకల్పం చెప్పుకున్నాక పరిక్రమవాసికి ఆ వంతెన లేనట్టే. శిఖరం కనబడుతూనే ఉంటుంది, దర్శనం మాత్రం చుట్టు పూర్తయ్యాకే.

దీన్ని సంతృప్తి అంటే నేను ఒప్పుకోను. ఆశ చావలేదు, వరుసలో నిలబడిందంతే. అవతలి ఒడ్డు కూడా దారిలోదే. నిలకడగా నడిస్తే ఎన్నో నెలలకు అక్కడికీ చేరతాం, అప్పుడు ఈ రాళ్లే అందంగా కనిపిస్తాయి కాబోలు. అది అర్థమయ్యాక కాళ్ల కింది నేల మీదికి చూపు దిగింది. ఊళ్లలో 'నర్మదే హర్' అంటూ పిలిచి పిండీ పప్పూ పెట్టేవాళ్ల ముఖాలు సరిగ్గా చూసిందీ అప్పుడే.

సర్దార్ సరోవర్ ఆనకట్ట నీళ్లలో పాత కాలిబాటలు చాలా మునిగిపోయాయి. అక్కడ నదికి దూరంగా తారురోడ్డు మీద నడవాల్సిందే. నది కనబడకపోయినా కుడివైపు ఉందనే లెక్క.

ఇప్పుడు బస్సుల్లోనూ పరిక్రమ చేయిస్తున్నారు. నియమం వాళ్లకూ అదే. మోకాళ్లు సహకరించనివాళ్లకు అంతకన్నా వరం లేదు. కాకపోతే, కిటికీలోంచి అవతలి ఒడ్డు మీద ఆశపడేంత వ్యవధి డ్రైవరు ఇవ్వడు.