కిట్టు మార్చే ముందు

స్ప్లెండర్ పొగ వదులుతోందని షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువ చోట్ల వినపడే మాట ఒకటే. "కిట్టు మార్చేద్దాం బాబాయ్, ఇంకో ఐదేళ్లు ఇటు చూడక్కర్లేదు." కిట్టంటే బ్లాకు, పిస్టన్, రింగులు, పిన్ను కలిపి వచ్చే డబ్బా. ఇంటింటికీ పాలు పోసుకునే పెద్దాయన ఏమంటాడు? "నీకు తెలియందేముంది అబ్బాయ్, కానీయ్" అంటాడు. ఆ రెండు మాటల నడుమ జరగాల్సిన పని కొలవడం. అది జరగకుండానే పాత బ్లాకు తుక్కులోకి పోతుంది. చాలాసార్లు కిట్టు నిజంగానే మార్చాలి, కాదనను. కానీ ఎంత అరిగిందో, ఎందుకు అరిగిందో చూడకుండా మారిస్తే కొత్త బ్లాకు కూడా అదే దారి పడుతుంది. ఖర్చు ఆ పెద్దాయనది.

విప్పకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. పొగంతా రింగుల నుంచే రాదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే ముందు వాల్వ్ సీళ్లను అనుమానించాలి. ఇద్దరు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆగకుండా వస్తే రింగులో, బోరో. ప్లగ్గు తీసి కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక రీడింగ్, తర్వాత ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మరో రీడింగ్ తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఆయిల్ పోశాక బాగా పెరిగిందా, లీకు రింగుల దగ్గర. పెరగలేదా, వాల్వుల వైపు చూడాలి. దీనికి బద్ధకిస్తే సీలు ఖర్చుతో పోయేదానికి కిట్టు ఖర్చు పెట్టిస్తాం.

ఇక హెడ్డూ బ్లాకూ దించాక. స్ప్లెండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 49.5. అల్యూమినియం బ్లాకులో పోత ఇనుప స్లీవు ఉంటుంది. ఆ స్లీవు పైనుంచి కింది దాకా ఒకేలా అరగదు. పిస్టన్ పైకొచ్చి వెనక్కి మళ్లే చోట క్షణం పాటు ఆగుతుంది. కదలిక ఆగితే ఆయిల్ పొర నిలవదు. సరిగ్గా అప్పుడే పెట్రోలు మండి, ఆ ఒత్తిడి పై రింగు వెనక్కి దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. వేడీ అక్కడే ఎక్కువ. అందుకే పై రింగు మళ్లే ఆ కాస్త మేర అన్నిటికన్నా ఎక్కువ అరుగుతుంది. దాని పైన రింగు తగలని చోటు పాత సైజులోనే ఉండిపోయి సన్నని గట్టులా నిలుస్తుంది. బోరు లోపల గోరు పెట్టి పైకి జరిపితే తట్టుకునేది దానికే. ఏ పనిముట్టూ లేకుండా ఇంజన్ తన వయసు చెప్పే చోటది. బ్లాకు చేతికి రాగానే నా వేలు ముందు అక్కడికే పోతుంది.

గోడలన్నీ కూడా సమంగా అరగవు. కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా నెడుతుంది కాబట్టి పిస్టన్ పిన్నుకు అడ్డంగా ఉన్న గోడలు ఎక్కువ భారం మోస్తాయి. గుండ్రటి బోరు క్రమంగా ఓవల్ అవుతుంది. అందుకే పైన, మధ్యలో, కింద, మూడు చోట్లా పిన్ను వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. ఆరు అంకెలు. బోర్ డయల్ గేజ్ ఉన్న షెడ్డుకు ఇది పెద్ద పని కాదు.

లేని షెడ్డు సంగతి? నాకు బాగా నచ్చిన పద్ధతి ఇక్కడే ఉంది. ఒక కంప్రెషన్ రింగు తీసుకుని బోరు అడుగున, రింగులు చేరని చోట పెట్టాలి. పిస్టన్ తలతో నెట్టి అన్ని వైపులా సమంగా కూర్చోబెట్టి, రింగు కొసల మధ్య గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో కొలవాలి. అదే రింగును పైకి, గట్టుకు కాస్త కిందికి తెచ్చి మళ్లీ కొలవాలి. అడుగున 0.20, పైన 0.45 వచ్చాయనుకోండి. తేడా 0.25. రింగు వృత్తం కదా, బోరు వ్యాసం పెరిగినదానికి 3.14 రెట్లు గ్యాప్ తెరుచుకుంటుంది. 0.25ని 3.14తో భాగిస్తే 0.08. అంటే బోరు పైభాగం సుమారు 0.08 మిల్లీమీటరు పెరిగిందన్నమాట. కంటికి కనపడని అరుగుదలను రింగే మూడింతలు చేసి చూపిస్తుంది! బోరు ఓవల్ అయిందా లేదా అన్నది మాత్రం ఈ లెక్కలో రాదు. రింగు వెనక టార్చి వేసి చూస్తే, గోడకు ఆనని చోట వెలుతురు కారుతుంది.

పిస్టన్‌ను వేళ్లతో బోరులో ఆడించి "ఆట బాగా ఉంది" అని తేల్చేసేవాళ్లున్నారు. ముదిరిన అరుగుదల అనుభవమున్న చేతికి తెలుస్తుంది, నిజమే. కానీ కొత్త ఇంజన్లో పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతులు కొన్నే. ఈ తరహా చిన్న హోండా ఇంజన్లకు సాధారణంగా హద్దు 0.10. ఆ నడుమ ఉన్న తేడాను చెయ్యి పట్టలేదు. మైక్రోమీటరు కావాలి, అదీ సరైన చోట పెట్టాలి. పిస్టన్ తలను కావాలనే సన్నగా చేస్తారు, ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగేది అదే కాబట్టి. పిన్ను వైపు కూడా కాస్త తక్కువే ఉంటుంది. కాబట్టి స్కర్టు, అంటే పిస్టన్ కింది భాగం, అంచుకు 10 మిల్లీమీటర్లు పైన, పిన్నుకు అడ్డంగా కొలవాలి. బ్లాకూ పిస్టనూ చల్లారి ఒకే వేడిమిలో ఉండాలి. పిస్టన్ మీది రింగు గాడిలో కొత్త రింగు పెట్టి పక్క సందూ చూడాలి. గాడి అరిగిన పిస్టన్‌కు కొత్త రింగులు వేయడం డబ్బు దండగ.

ఎందుకు అరిగిందన్నదీ ఈ ముక్కల మీదే రాసి ఉంటుంది. బోరు పైభాగం, పై రింగు బాగా అరిగి, స్కర్టు మసకబారి ఉంటే దుమ్ము గాలితో వచ్చిందని అర్థం. ఫిల్టరు చిరిగిందో, దాని రబ్బరు గొట్టం వదులైందో చూడాలి. ఆయిల్ రింగు, బోరు కింది భాగం ఎక్కువ అరిగితే మురికి ఆయిల్లో ఉంది. కోతల కాలంలో కళ్లాల మధ్య, క్వారీ లారీల వెనక తిరిగే బండికి ఫిల్టరు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగదు. ఈ ముక్క పాలాయనకు చెప్పకుండా బండి అప్పగించకూడదు.

కొలత హద్దు దాటితే బోరు కొట్టించవచ్చు. 0.25, 0.50 అలా ఓవర్‌సైజు పిస్టన్లు వస్తాయి. ముందు పిస్టన్ కొని లేత్ షాపు చేతిలో పెట్టి, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టమనాలి. ఆపైన రాయితో చేసే హోనింగ్ గీతలు ఒకదానికొకటి అడ్డంగా పడాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. ఇంటికొచ్చాక పెట్రోలుతో తుడిచి ఊరుకోకండి. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో కడిగి, తెల్లగుడ్డకు మసి అంటనంతవరకు తుడిచి, వెంటనే ఆయిల్ రాయాలి. హోనింగ్ రాయి పొడి మిగిలితే కొత్త రింగుల్ని అదే తినేస్తుంది.

ఇంజన్ పనికి ఇచ్చేవాళ్లు ఒక్కటి అడగండి. ఆరు బోరు రీడింగులు, పిస్టన్ కొలత, రింగు గ్యాప్ బిల్లు వెనక రాసిమ్మనండి. మర్యాదగా అడిగితే మంచి మేస్త్రీ ఎవరూ విసుక్కోరు. ఆ కాగితం ఆర్‌సీ కవర్లో పెట్టుకుంటే, వచ్చేసారి బ్లాకు దించే మెకానిక్‌కు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.