పసుపును పట్టి ఉంచే పోగు

గాయానికి పసుపు మంచిదని తెలుగింట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ అందులో అసలు పని చేసే కర్క్యుమిన్ మహా మొండిది. నీటిలో సరిగా కరగదు, వెలుతురు తగిలితే చెడిపోతుంది. పైన అద్దిన పొడిలోంచి ఎంత లోపలికి చేరిందో, ఎంతసేపు నిలిచిందో చెప్పడం కష్టం. 2009లో అమెరికా పరిశోధకులు కొందరు ఈ చిక్కుకు ఒక పలుచని పొరతో జవాబిచ్చారు. పాలీకాప్రోలాక్టోన్ అనే పాలిమర్‌ను నానో పోగులుగా తీసి, వాటిలోనే కర్క్యుమిన్‌ను ఇమిడ్చారు. మధుమేహం కలిగించిన ఎలుకల మీద ఆ పొర వేస్తే గాయాలు మరింత త్వరగా పూడాయి.

ఆ పొర తయారయ్యే తీరు చూసి తీరాలి. పాలిమర్‌నూ కర్క్యుమిన్‌నూ కలిపి కరిగించి సిరంజిలో నింపుతారు. సన్నని సూదికి 10 నుంచి 30 కిలోవోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది మొనన వేలాడే బొట్టు ఆ బలానికి శంకువులా సాగుతుంది. 1964లో దాని లెక్క తేల్చిన జెఫ్రీ టేలర్ పేరే దానికి స్థిరపడింది. శంకువు కొన నుంచి ధార దూకి, గాలిలో సుడులు తిరుగుతూ సన్నబడుతుంది. ద్రావణి ఆవిరైపోగా ఎదుటి లోహపు పళ్లెం మీద పోగు ఒక్కటే పడుతుంది. పడిన పోగు మీద పోగు పేరుకుని, మగ్గం లేకుండానే బట్ట అవుతుంది.

పనితనమంతా ద్రావణం చిక్కదనంలో ఉంది. అరిసెల పాకంలా అదను చూసి పట్టాలి. పలచనైతే పోగుల మధ్య పూసలు కడతాయి, ముదిరితే సూదిలోనే బిగుసుకుంటుంది. గదిలో తేమ మారినా పోగు మారిపోతుంది.

ఇంత సన్నదనం ఎందుకంటే, మన శరీరంలో కణాలు పట్టుకుని పెరిగే కొల్లాజెన్ పోగులు దాదాపు 50 నుంచి 500 నానోమీటర్లు ఉంటాయి. వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. పొర ఆ సహజమైన అల్లికను పోలి ఉంటే, కణాలు దాన్ని తమ చోటుగానే ఎంచి అతుక్కుంటాయి. పోగుల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది, తేమ నిలుస్తుంది.

పాలీకాప్రోలాక్టోన్ గట్టిదే గాని నీటిని దగ్గరికి రానివ్వదు. అందుకని చాలామంది దానికి జెలటిన్ జోడిస్తారు. జెలటిన్ నీటిలో కరిగిపోతుంది కాబట్టి దాని అణువుల్ని ఒకదానితో ఒకటి ముడివేయాలి. ఆ ముడికి వాడే జెనిపిన్ గార్డీనియా కాయల నుంచి వస్తుంది. అంటే మందే కాదు, ఆ ముడి వేసేది కూడా మొక్కదే కావచ్చు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది మందు విడుదలలోని నిగ్రహం. పోగు పైపైన ఉన్న మందు మొదట్లోనే ఒక్కసారిగా బయటపడుతుంది, లోపలిది మెల్లగా ఊరుతుంది. మోతాదు మించితే కర్క్యుమిన్ కణాలకే చేటు. అందుకే ఒక సూదిలో మరో సూది అమర్చి, మందును నడిమి గుజ్జుగా, పాలిమర్‌ను పైతొడుగుగా ఉంచి తీసే పద్ధతి వచ్చింది. మన సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్ కొల్లాజెన్ తయారీని ప్రోత్సహిస్తుంది. దాన్నీ ఇలాగే పోగుల్లో ఇమిడ్చి చూస్తున్నారు.

ఈ పనిలో ఎక్కువ భాగం ఇంకా ప్రయోగశాలల్లోనూ జంతువుల మీదా సాగుతున్నదే. పోగు మందాన్ని నానోమీటర్లలో కొలిచే శ్రద్ధ మొక్క రసం విషయంలోనూ ఉండాలి. నేల మారితే, కోత కాలం మారితే రసంలోని సారం మారుతుంది. ఈ రంగంలోకి వచ్చే మన విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: ఏ పంట, ఏ ఊరిది, అందులో సారమెంత అన్నది ప్రతి విడతకూ కొలిచి రాయండి. పోగుకు దక్కిన కొలత మొక్కకూ దక్కితేనే ఈ పొర రోగి దాకా చేరుతుంది.